అయ్యగారు అనని మాట

పద్దెనిమిదేళ్ళుగా ఒక గోడను మోస్తున్నాను. వింటే మీకు నవ్వు రావచ్చు. మా ఇంట్లో దక్షిణం వైపు గోడ అది. దాని పునాది మీద అది నిక్షేపంగా నిలబడే ఉంది, ఎవరూ మోయాల్సిన పని లేదు. కానీ ఆ గోడలో ఒకప్పుడు దర్వాజ ఉండేది. అది మూతపడింది నా నోటి వల్ల. అసలు జరిగింది చూసినవాళ్ళం ఇద్దరమే. ఒకరు నేను, రెండో ఆయన కాలం చేశాడు.

నా పేరు వద్దు. ఊరు పాల్మాకుల, శంషాబాద్ పక్కన. వయసు యాభైకి దగ్గర. ఆ ఇంటికి చిన్న కోడల్ని. మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్ళతో చెప్పుకోగలిగేదైతే ఎప్పుడో చెప్పుకునేదాన్ని. పైగా నాకిప్పుడు అటు తిప్పి ఇటు తిప్పి చెప్పే ఓపిక కూడా లేదు. ఉన్న ఓపికంతా ఈ మధ్య ఒక ఇంటి ప్లాను తినేసింది.

ఆ ప్లాను గురించి ముందు చెప్పాలి. అది లేకపోతే ఈ పాపం ఇంకో పద్దెనిమిదేళ్ళు హాయిగా నాలోనే ఉండిపోయేది.

మా ఇల్లు మామ కట్టించింది. రాతి గోడలు, పైన కర్ర దూలాలు, మధ్యలో పెద్ద హాలు, దాని చుట్టూ అర్రలు. ముందు భాగంలో మేము, వెనక భాగంలో బావ కుటుంబం. అత్త మాత్రం హాల్లో మంచం వేసుకుని రెండు కుటుంబాలకూ కాపలా. రోడ్డు వేసిన ప్రతిసారీ దాని మీదే ఇంకో పొర వేసి వేసి, ఇప్పుడు ఇల్లు గుంతలో ఉంది. వాన పడితే నీళ్ళు ముందు మా హాల్లోకి వచ్చి, తర్వాత తీరిగ్గా బావ వైపు వెళ్తాయి. దూలాలకు చెదలు. కూలగొట్టి కొత్తది కడదామని మా ఆయన అన్నాడు. బాపు పెట్టిన రాళ్ళు కూలగొట్టనివ్వనని బావ అన్నాడు. చివరికి గోడలు ఉంచి, నేల ఎత్తి, పైన స్లాబు వేసి, లోపల గదులు మార్చుకుందామని ఇద్దరన్నదమ్ములూ ఒప్పుకున్నారు. వాళ్ళిద్దరూ ఒకే మాట మీదికి రావడం అక్కడితో సరి.

ప్లాను గీయడానికి బడంగ్‌పేట్ నుంచి శ్రావణి అనే ఇంజినీరు పిల్ల వచ్చింది. టేపు పట్టుకుని మూలమూలా కొలిచింది. ఓపికమంతురాలు, పాపం, మా ఇంటికి వచ్చాక ఆ ఓపిక ఎంత అరిగిందో ఆమెకే తెలుసు. మా ఆయనకు పైన గదులు కావాలి, ఎయిర్‌పోర్టులో డ్యూటీ చేసేవాళ్ళకు కిరాయికి ఇవ్వడానికి. మెట్లు బయట ఉండాలి. బావకు మెట్లు లోపలే ఉండాలి, కిరాయివాళ్ళు ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో కనబడాలి. అత్తకు మంచం మీద నుంచే వీధి గేటూ, వంటిల్లూ, దేవుడి గూడూ మూడూ కనిపించాలి. బాత్రూము గోడ దేవుడి గూటికి తగలకూడదు. నేనేమైనా తక్కువా? నాకు వంటింట్లో పెద్ద కిటికీ కావాలన్నాను, అది కూడా తూర్పుకే. తూర్పున ఉన్నది ఒక్క గోడ, దాన్ని కోరుకున్నవాళ్ళం నలుగురం. శ్రావణి కాగితాలు తెచ్చిన ప్రతిసారీ మేము వాటి మీద చాయ్ గ్లాసులు పెట్టి కొట్లాడుకున్నాం.

అయితే ఇవన్నీ సర్దుకునే గొడవలే. అసలు చిక్కు యాదమ్మ అక్క దారి దగ్గర వచ్చింది. యాదమ్మ అక్క అంటే బావ భార్య, నా తోడికోడలు. వెనక భాగానికి బయటికి దారి లేదు. అక్క కూరగాయలకు పోవాలన్నా, చెత్త పారేయాలన్నా మా హాలు దాటి, మా గుమ్మం నుంచే పోవాలి. ఆ దారి ఉంచితే హాలు సగానికి తెగుతుంది. మెట్లు ఎక్కడ పెట్టినా అడ్డమే. అత్త మంచం దారి మధ్యలోకి వస్తుంది. బాత్రూము వెళ్ళి వెళ్ళి దేవుడి గూటికే తగులుతుంది. ప్లాను ఎటు తిప్పినా ముడి అక్కడే పడేది.

శ్రావణికి ఆ ఇంటి చరిత్ర తెలియదు కదా. ప్రతిసారీ పెన్సిల్ తీసుకెళ్ళి దక్షిణం గోడ మీద అదే చోట పెట్టేది. "ఆంటీ, ఇక్కడ ఒక్క తలుపు పెడితే అన్నీ సెట్ అయితయి. బయట గల్లీనే ఉంది కదా. వాళ్ళ దారి వాళ్ళకుంటది, మీ హాలు మీకుంటది" అనేది. నెత్తి మీద నుంచి విమానం పోయేది. అది పోయాక అక్కే అనేది, "ఆ గోడ ముట్టద్దు బిడ్డా" అని.

ఆ దర్వాజ ఎవరికి కావాలో ఆమే వద్దంటోంది. అది విన్నప్పుడల్లా నా ఒళ్ళు మండేది. ఆమె మీద కాదు. ఆమె మీద అని నాకు నేను చెప్పుకునేదాన్ని, మూర్ఖత్వం అని సణుక్కునేదాన్ని కూడా. ఎవరి మీద మండుతున్నదో నాకు తెలియకనా?

ఆ దర్వాజ పెట్టిన రోజుల్లో ఇక్కడ విమానాశ్రయం కడుతున్నారు. ఎక్కడెక్కడి మనుషులో వచ్చి చుట్టుపక్కల గదుల్లో దిగారు. పాలకు మంచి గిరాకీ. అక్కకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన బర్రెలు ఉండేవి. గల్లీలోకి దారి ఉంటే పాలు పోయడానికి, గడ్డి తేవడానికి బాగుంటుందని మామే దగ్గరుండి దక్షిణం గోడ కొట్టించి, టేకు దర్వాజ పెట్టించాడు. పొద్దున్నే గిన్నెలు, క్యాన్లు పట్టుకుని జనం వచ్చేవాళ్ళు. అక్క పాలు పోసేది, అందరి మంచిచెడ్డలు అడిగేది, నవ్వేది. ఆమె నవ్వు పెద్దది, మొహమాటం లేనిది. అది గోడ దాటి నా అర్రలోకి వచ్చేది.

నేను పదో తరగతి పాసై వచ్చిన కోడల్ని. అత్త అందరికీ "మా సదువుకున్న పిల్ల" అని చెప్పుకునేది. ఆ దర్వాజ వచ్చాక అత్త తన చాప తీసుకెళ్ళి అక్కడ వేసుకుంది. రోజంతా అక్కడే. నా చదువు సంగతి ఎవరికీ గుర్తు లేదు. చంటివాడు నిద్ర లేస్తున్నాడని మా ఆయనతో అనేదాన్ని. ఈగలు వస్తున్నాయని అనేదాన్ని. అవి అబద్ధాలు కావు, వాడు లేచేవాడే, ఈగలూ వచ్చేవే. కానీ నన్ను లోపల తొలిచింది అవి కాదు. మరి నన్నెవరూ పిలవలేదా? పిలిచేవాళ్ళు. "చెల్లె, రా, జర సేపు కూసో, చాయ్ తాగుదాం" అని అక్క రోజూ పిలిచేది. పని ఉందని చెప్పేది నేనే. పిలిస్తే పోను, పిలవకపోతే ఏడుపు. ఇలాంటి మనిషిని ఏమంటారు? నాకు తెలిసిన మాటలు ఉన్నాయి, అవి కాగితం మీద రాసేవి కావు.

అలా ఉండగా మామకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, కుడి వైపు చచ్చుబడింది. అన్నదమ్ములిద్దరూ పట్నంలో దవాఖాన దగ్గర ఉండిపోయారు. ఇంట్లో ఆడవాళ్ళం ముగ్గురం. అత్తకు అనుమానం పుట్టింది. కొత్తగా గోడ కొట్టాం కదా, ఏమైనా దోషం జరిగిందేమోనని. శంషాబాద్‌లో ఒక పెద్ద అయ్యగారు ఉండేవాడు, ఇళ్ళకు వాస్తు చూసేవాడు. ఇల్లు గీసుకుని తీసుకుపోయి ఆయనకు చూపించమని అత్త నాతో అన్నది. గీయగలిగేది నేనే కదా. క్యాలెండర్ కాగితం వెనక స్కేలు పెట్టి, అర్రలు, హాలు, దర్వాజలు, బావి, బర్రెల కొట్టం అన్నీ గీశాను. చూడండి, మా ఇంటికి మొదటి ప్లాను గీసింది ఏ ఇంజినీరో కాదు, నేనే.

అయ్యగారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, దిక్కులు సరిచూసుకుని, వేలితో ఒక్కో దర్వాజ ముట్టుకుంటూ అడిగాడు. దక్షిణం దర్వాజ పాలు పోసే అక్క కోసం పెట్టిందని, ఆమె దిగులు పడుతోందని చెబితే, అక్కడ కాసేపు ఆగాడు. నేను కాగితం మీదికి వంగాను. భయంతో కాదు. ఏదో ఆశతో. ఇంట్లో మనిషి చావుబతుకుల్లో ఉంటే నేను ఆశపడింది దాని గురించి.

ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. చివర్లో చెబుతాను. ఇప్పటికి ఇంత చాలు, దోషం లేదన్నాడు.

ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు నా మనసులో ఏమీ లేదు. లేదు, ఇది పూర్తి నిజం కాదు. ఒక మాట ఉంది, అది అనాలని లేదు. ఇది కూడా నిజం కాదేమో. అనాలనే ఉంది, అంటానన్న ధైర్యం లేదు. ఇంటికి వచ్చేసరికి అక్క ఆ దర్వాజ దగ్గరే పాలు పోస్తోంది. తల దువ్వుకోలేదు, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. ఆ రోజు నవ్వడం లేదు కూడా. ఆ మనిషిని చూసైనా నా నోరు మూతపడాలి. నన్ను చూసి చెంబు కింద పెట్టి, "ఏమన్నడు చెల్లె?" అని అడిగింది.

"ఈ దర్వాజ మూసేయమన్నడు" అన్నాను.

"ఎందుకట?" అన్నది అత్త. ఆ గొంతులో కొంచెం అనుమానం వినిపించింది. అప్పుడే ఇంకో మాట వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. దర్వాజ మూయమన్నాడు అన్నంతవరకే ఆగి ఉంటే, తప్పు ఇంత లోతుకు దిగేది కాదేమో.

"ఇంటి పెద్దను మింగుతదట" అన్నాను.

ఆ సాయంత్రమే దర్వాజ పీకేశారు. బట్టల కోసం ఇంటికి వచ్చిన మా ఆయన ఇటుకలు పేర్చాడు. ఇటుకలు మోసి అందించింది అక్క. నేను పిల్లాణ్ణి చంకనేసుకుని చూస్తూ నిలబడ్డాను. రెండు రోజులాగి చెప్పేద్దాం అనుకున్నాను. పొరపాటుగా విన్నాననో, మళ్ళీ అడిగి వస్తాననో ఏదో ఒకటి. కానీ కొన్ని రోజులకే మామ దవాఖానలో లేచి కూర్చున్నాడు. మెల్లగా మాట వచ్చింది. కర్ర పట్టుకుని నడిచి ఇంటికి వచ్చాడు, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఆయన బతికినందుకు నేను సంతోషించాను, అది అబద్ధం కాదు. కానీ ఆయన కోలుకోవడంతో నా అబద్ధం నిజమైపోయింది. ఊరంతా చెప్పుకున్నారు. దర్వాజ మూశారు, మనిషి లేచాడు, ఇంతకంటే ఏం కావాలి?

అక్క మామ కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. నా బర్రెల కోసం నీ ప్రాణం మీదికి తెచ్చినా అని. ఆయన ఆమె తల నిమిరాడు. నేను పక్కనే ఉన్నాను. వంటింట్లో పాలు పొంగుతున్నాయని వెళ్ళిపోయాను. పాలేమీ పొంగడం లేదు.

దారి లేకపోయాక గడ్డి మోపులు మా హాల్లో నుంచి రావాల్సి వచ్చింది. కొత్తగా వేయించుకున్న బండలు పాడవుతున్నాయని నేనే సణిగాను. సిగ్గు లేకుండా ఆ మాట కూడా అన్నాను. బర్రెలు అమ్మేశారు. వాటిని వ్యానులోకి ఎక్కించిన రోజు అక్క అన్నం ముట్టలేదు. తర్వాత గోదాములో ప్యాకింగ్ పనికి కుదిరింది. రోజంతా నిలబడి చేసే పని. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి, మా హాలు దాటడానికి కుర్చీలు పట్టుకుంటూ నడుస్తుంది. దాటుతూ ప్రతిసారీ, "జర పోతున్న చెల్లె" అని నాకు చెప్పి పోతుంది. తన ఇంట్లో తను నడవడానికి నా దగ్గర అనుమతి తీసుకున్నట్టు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది ఒకటుంది. అక్క కూతురి పెళ్ళయింది. కొత్త అల్లుడు గడప దగ్గర నిలబడ్డాడు. హారతి పళ్ళెం పట్టుకోవాల్సిన అక్క దాన్ని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "నా చెయ్యి మంచిది కాదు చెల్లె, నువ్వియ్యి" అన్నది. ఏళ్ళ తరబడి ఆమె ఏ మంచి పనికీ ముందు నిలబడకపోవడం నేను చూస్తూనే ఉన్నాను. మొహమాటం అనుకున్నాను, లేదా అనుకోవాలని అనుకున్నాను. ఆ రోజు ఇక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. అయినా నేనేం చేశాను? పళ్ళెం తీసుకున్నాను. హారతి ఇచ్చాను. ఫొటోల్లో నేనే ఉన్నాను.

ఇక ఈ ప్లాను దగ్గరికి వద్దాం. చెప్పకుండా సరిచేయాలని చూశాను. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, గోడ మాత్రం తెరుచుకోవాలి. పెద్ద అయ్యగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడొక కొత్తాయన ఉన్నాడు, ఫోనులోనే దిక్కులు చూస్తాడు. మా ఆయన్ని వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. దర్వాజ పెట్టుకోవచ్చు అని ఒక్క మాట ఆయన నోటితో అనిపించుకుంటే చాలు, గండం గడుస్తుంది. ఆయన ప్లాను చూసి బాగానే ఉందని తలాడించబోయాడు కూడా. అంతలో మా ఆయన నోరు తెరిచి, ఇదివరకు పెద్ద అయ్యగారు ఈ దర్వాజ మూయించాడు, ఇంటి పెద్దను మింగుతదన్నాడు అని చెప్పేశాడు. కొత్తాయన వెంటనే కాగితం మీద నుంచి చెయ్యి తీసేశాడు. "పెద్దాయన ఊకెనే అంటడా" అని, మళ్ళీ చూసి, ఆ గోడకు ఉన్న కిటికీ కూడా మూసేస్తే మంచిదన్నాడు. దర్వాజ తెరిపించబోయి కిటికీ పోగొట్టుకుని వచ్చాను. దారి పొడుగునా మా ఆయన మీద విసుక్కున్నాను. నాకేమైందో ఆయనకు అర్థం కాలేదు.

కిటికీ కూడా పోయాక శ్రావణి ఇంకో ప్లాను గీసి తెచ్చింది. హాలు చిన్నదైంది, దారి ఒక సందులా మిగిలింది, దక్షిణం గోడ పక్కన వెలుతురూ గాలీ లేని ఒక అర్ర తేలింది. అది ఎవరికి? అందరూ కాగితం వైపే చూస్తున్నారు. అక్క తన చీర కొంగుతో కాగితం మీది చాయ్ మరక తుడిచి అన్నది, "అది నాకే ఉండనీయుండ్రి. పిల్లలు గిట్ల ఎవ్వరు ఆ గోడ పక్కకు పండద్దు. నాకైతే ఏమైతది, అయ్యేటిది ఎప్పుడో అయింది" అని.

ఇక నాతో కాలేదు. చాయ్ గ్లాసు పక్కన పెట్టాను.

"అక్కా, ఆ దర్వాజ మూయమని అయ్యగారు అనలే. నేనే అన్న" అన్నాను.

"అయ్యగారు అన్నదే గద నువ్వచ్చి చెప్పినవ్" అన్నది అక్క.

"కాదు. ఆయన మంచిగున్నది అన్నడు. నేను ఇంటికొచ్చి ఉల్టా చెప్పిన. మింగుతది అన్నది గూడ నేనే కల్పించిన."

అక్క నా పక్కకు జరిగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది.

"నా కోసం గింత అబద్ధమా చెల్లె?" అన్నది.

"నీ కోసం కాదక్కా. ఇది అబద్ధం కాదు. అబద్ధం అప్పుడు ఆడిన."

"నాకు చీకటి అర్ర ఒస్తదని నీకు మనసొప్పుతలేదు. నాకు తెల్వదా ఏంది? గని గట్ల అనద్దు. పోయిన పెద్దమనిషి పేరు మీద మాట పెట్టద్దు."

"ఒట్టు అక్కా."

"మరి మామ ఎట్ల లేసిండు?"

"మందులతోని లేసిండు."

"మందులు అంతకుముందు గూడ పోసిండ్రు గద. లేసిండా? దర్వాజ మూసినంకనే గద లేసింది" అన్నది.

దీనికి నేనేం చెప్పాలి? డాక్టరును తీసుకురావాలా? నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది, ఆ గోడకే. పద్దెనిమిదేళ్ళు దాచిన నిజం బయట పెడితే అది నా మంచితనం కింద చెల్లిపోయింది. మంచం మీద నుంచి అత్త, "ఈ పిల్లది ఎప్పుడు గింతే, పక్కోళ్ళ కష్టం చూడలేదు" అని మెచ్చుకుంది. బావ కళ్ళు తుడుచుకున్నాడు. శ్రావణి నన్ను దేవతను చూసినట్టు చూసింది. మా ఆయన మాత్రం నా వైపు చూడలేదు. కింద నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన నమ్మాడు. ఇటుకలు పేర్చింది ఆయనే కదా. మరునాడు పొద్దున బండి తుడుచుకుంటూ, "ఇగ ఆ ముచ్చట తియ్యకు" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అడగలేదు. తిట్టినా బాగుండేది.

కానీ నేను తీశాను. ఒకసారి నోరు తెరిచాక మూయడం నా వల్ల కాలేదు. అక్క ఒక్కతే వంటింట్లో ఉన్నప్పుడు వెళ్ళి మొదటి నుంచీ చెప్పాను. చాప సంగతి, నవ్వు సంగతి, నా కడుపుమంట సంగతి. ఏదీ దాచలేదు. అక్క బియ్యం ఏరుతూ వింటోంది. మొదట నవ్వింది. తర్వాత ఆమె చేతులు ఆగిపోయాయి. ఒక్క క్షణం నా మాట ఆమెకు చేరిందనుకున్నాను. చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆమె నా మీద కోపం చేసుకోవడం నేను చూడలేదు.

"అట్లయితే నా బర్లు ఊకెనే పోయినయా?" అన్నది. "మామ పానం నిలబడ్డది, దాని కోసం పోయినయ్ అనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకుంట బతికిన. నువ్వు గా మాట ఇంకోసారి అనకు చెల్లె."

మళ్ళీ చేట అందుకుని బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది. నేను లేచి వచ్చేశాను. ఆమె నమ్మిందా, నమ్మకూడదని అనుకుందా? నాకు తెలియదు. అడిగే హక్కు కూడా నాకు లేదు. ఒకప్పుడు ఆమె దర్వాజ తీసుకున్నాను. ఇప్పుడు నా బరువు దించుకోవడానికి ఆమెకు మిగిలిన ఆ ఒక్క ఊరట కూడా తీసుకోబోయానా? అలాగని నోరు మూసుకుంటే, నా చెయ్యి మంచిది కాదు అన్న మాటను ఆమె పోయేదాకా మోస్తుంది. ఎటు తిరిగినా తప్పే. ఆ ప్లానుకూ నాకూ ఈ విషయంలో తేడా లేదు.

చేయగలిగింది ఒక్కటే చేశాను. శ్రావణికి ఫోన్ చేసి, అర్రలు మార్చమన్నాను. నాకు అనుకున్న తూర్పు కిటికీ గది అక్కకు, దక్షిణం గోడ పక్కన చీకటి అర్ర నాకు. ఇదైనా శిక్షలా ఉంటుందనుకున్నాను. అది తెలిశాక ఇంట్లో నా పేరు ఇంకా పెరిగింది. తోడికోడలి కోసం అంత ధైర్యం చేసిందని గల్లీలో చెప్పుకుంటున్నారు. అక్క వచ్చి, "నీకేమన్న అయితే నేను ఏమైపోవాలె" అని ఏడ్చింది. నాకు చిరాకు వేసి అరిచాను, ఏమీ కాదు పో అని. ఆ అరుపు కూడా ప్రేమే అనుకుంది.

ఇప్పుడు మీకర్థమైంది కదా, మీ దగ్గరికి ఎందుకు వచ్చానో. ఇంట్లోవాళ్ళు నమ్మరు, నమ్మిన ఒక్కడూ మాట్లాడొద్దన్నాడు. మీకు నా మీద ప్రేమ లేదు, నేను మంచిదాన్నని మీరు అనుకోవాల్సిన అవసరం లేదు. మీరు నమ్మగలరు. క్షమించమని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? ఆ బర్రెలు మీవి కావు.

వచ్చే వారం నేల తవ్వుతారు. నిన్న ఆ గోడ పక్కన సామాను సర్దుతుంటే సున్నం పెచ్చు ఊడి, ఇటుకలకూ రాళ్ళకూ మధ్య గీత బయటపడింది. నిలువుగా, దర్వాజ ఉన్నంత మేర. చాలాసేపు దాని ముందు కూర్చున్నాను. బయట గల్లీలో ఎవరో నవ్వుకుంటూ పోయారు.

అయ్యగారు అన్న మాట చివర్లో చెబుతానన్నాను. ఆయన ఆ కాగితం మడిచి నా చేతికిస్తూ అన్నది ఇదీ: "ఈ దర్వాజ మంచి తావుల పడ్డదమ్మా, ఉండనీయుండ్రి. మీ మామకు మందులు మంచిగ ఇప్పియ్యుండ్రి. ఆ పాలు పోసే పిల్లకు చెప్పు, ఏం రంధి, దిగులు పెట్టుకోవద్దని."

ఆమెకు చెప్పమన్నాడు. చెప్పలేదు. ఆయన అన్నది అన్నట్టుగా నేను ఇంకొకరికి చెప్పడం ఇదే మొదటిసారి.